స్టేజీ వెనక కూర్చున్నవాళ్లు

మొదటే చెప్పేస్తున్నాను, నా కులమేదని మాత్రం అడగొద్దు. వయసంతా పల్లెల్లో నాటకాలాడి గడిపినదాన్ని. రాణి వేషంలో స్టేజీ దిగీ దిగకముందే ఎవరో ఒక పెద్దమనిషి కాఫీ గ్లాసు నా చేతికివ్వబోయి, ఇవ్వకుండా ఆగి, "ఇంతకీ మీరేమిటోళ్లమ్మా?" అని అడిగేవాడు. ఆ రోజు నోటికి ఏది వస్తే అది చెప్పేదాన్ని. ఒకసారి ఒకే ఇంట్లో తండ్రికొక కులం, కొడుక్కొక కులం చెబితే, ఇద్దరూ నేనేమిటో తేల్చుకోలేక వాదులాడుకున్నారు. నేను మాత్రం హాయిగా కాఫీ తాగాను. ఆ ప్రశ్నంటే నాకంత ఒళ్లుమంట.

మాది గుంతకల్లు. నాయన రైల్వేలో గ్యాంగుమన్. చిన్నప్పుడు నా గొంతు విని హార్మోనియం మాస్టరు ఒకాయన మా ఇంటికొచ్చి, "ఈ పాపకు పద్యం నేర్పిస్తానప్పా, ఊరికే పాడు చేసుకోవద్దు" అని నాయనను ఒప్పించాడు. ఆయన సాయిబు. నుదుటి మీద నమాజు మచ్చ, చేతివేళ్ల కింద మన దేవుళ్ల పద్యాలన్నీ. గుంతకల్లు, గుత్తి చుట్టుపక్కల హార్మోనియం పెట్టె పట్టిన ప్రతివాడూ ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాడే. అందరమూ ఆయన్ని మాస్టరు అనేవాళ్లం.

మా అనంతపురం పల్లెల్లో నాటకం ఆడేది ఊరివాళ్లే. రాజు, మంత్రి, సేనాపతి, ఇట్లా మగ వేషాలన్నీ ఆ ఊరి రైతుల కొడుకులు కడతారు. చేలో పని లేని నెలల్లో మాస్టరును పిలిపించి, ఊళ్లోనే ఉంచుకొని పద్యాలు నేర్చుకుంటారు. ఆడ వేషాలకు మాత్రం మాలాంటివాళ్లం నాటకం రోజు సాయంత్రానికి బస్సు దిగుతాం. పొద్దుపోయాక మొదలైన ఆట తెల్లారి వెలుగొచ్చేదాకా సాగుతుంది. చివర మంగళం పాడి, హారతి ఇచ్చి, అప్పుడు గాని ముఖానికి రంగు కడగం. మంగళం పాడకుండా లేస్తే ఆ ఊరికీ మంచిది కాదు, మాకూ మంచిది కాదని అందరికీ గట్టి నమ్మకం.

నేను చెప్పబోయే ఊరు బెళుగుప్ప దాటి లోపలికి పోతే వస్తుంది. పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు, అప్పట్లో అట్లాంటి ఊళ్లే ఎక్కువ. ఏటా ఉగాది వెళ్లాక అక్కడ నాటకం ఉండేది. స్టేజీకి గుంతలు తవ్వేది కాలనీవాళ్లు. బొంగులు పాతేది వాళ్లు. తప్పెట కొట్టి ఊరంతా చాటింపు వేసేదీ వాళ్లే. ఆ పనంతా అయ్యాక స్టేజీ రెండు మూలల నుంచీ ఇటొక తాడు, అటొక తాడు లాగి కట్టేవాళ్లు. తాడుకు ముందువైపు ఊరు. వెనకవైపు కాలనీ. అంటరానివాళ్లని ఊరు పక్కన పెట్టినవాళ్లు నాటకాన్ని కూడా వీపు వైపు నుంచే చూడాలన్నమాట. మైకులో పద్యం బాగానే వినిపిస్తుంది. కనిపించేది మాత్రం పరదాల సందుల్లోంచి మా వీపులు.

మేం రంగు పూసుకునేది కూడా ఆ వెనకనే, నాలుగు గుడ్డలు కట్టిన చాటున. అందుకే కాలనీవాళ్లతో నాకు ఊరివాళ్లకంటే ఎక్కువ పరిచయం. వాళ్లలో ఒకామె, నాకంటే కొంచెం చిన్నది, నేను చీర మార్చుకునేటప్పుడు దుప్పటి అడ్డం పట్టుకునేది. సవరం పెట్టి నా జడ అల్లేదీ ఆమే. ఎంత చక్కగా అల్లేదంటే, తెల్లార్లూ ఎగిరినా ఒక్క వెంట్రుక జారేది కాదు. ముందువరుస ఆడవాళ్లు నన్ను పిలిచి మరీ, "రాణి జడ ఎంత బాగుండాదో" అని తడిమి చూసేవాళ్లు. అది ఎవరి చేతి జడో తెలిస్తే నన్ను కూడా అక్కడే కడిగేసి ఉండేవాళ్లు.

ఒకసారి జడ అల్లుతూ ఆమె అంది. "అక్కా, నీ మొగం నాకు తెలుసు. పద్యం పాడేటప్పటి మొగం తెల్దు. నువ్వు పాడతాంటే ముందరపక్క జనం ఏడుస్తారు. దేన్ని చూసి ఏడుస్తారో నాకెట్ల తెలుస్తాది? నాకు కనపడేది నేను అల్లిన జడే."

"పోనీలే మే, మొగంలో ఏముంది, జడే బాగుంది" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. సవరం గట్టిగా లాగి ముడేసింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఉగాది వెళ్లాక ఆ ఊళ్లో ఆడుతున్నాం. అప్పటికే వానలు సరిగ్గా లేక బోర్లు ఒట్టిపోయాయి. ఊరికి ట్యాంకరు వస్తోంది. బిందె నీళ్ల కోసం ఆడవాళ్లు జుట్లు పట్టుకునే రోజులు. ఆట చివరికొచ్చింది. రాజు కొలువుదీరిన సీను. రాజు వేషం ఊరి పెద్దాయన కొడుకుది. కిరీటం పెట్టుకొని, ప్రజలందరూ నా బిడ్డలే అన్న అర్థం వచ్చే పద్యాన్ని రాగం తీసి పాడుతున్నాడు. తూర్పున తెల్లగా వెలుగొచ్చింది. ట్యూబులైట్లు వెలవెలబోయి, ముందున్న జనం ముఖాలు ఒకటొకటిగా తెలుస్తున్నాయి.

ఆ వెలుగులో నాకు ఆమె కనిపించింది. ఆడవాళ్ల వరుసల చివర, తలమీదుగా కొంగు కప్పుకొని, మోకాళ్లు దగ్గరికి లాక్కొని కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చి కూర్చుందో, చీకట్లో ఎవరూ గమనించినట్టు లేదు. నన్నే చూస్తోంది. ఏదో ఒకటి చేసి జనాన్ని ఇటు తిప్పుకుందామని నా వంతు రాకముందే పద్యం ఎత్తుకున్నాను. అంతలోనే పక్కనున్న ఆడమనిషి ఆమె ముఖంలోకి వంగి చూసి కేక పెట్టింది.

పద్యం పాడుతున్న రాజు స్టేజీ మీద నుంచి దూకాడు. కిరీటంతోనే. ఆమె జుట్టు పట్టుకొని తాడు దాకా ఈడ్చుకుపోయి అవతలికి తోశాడు. ఇంకో ఇద్దరు కాళ్లతో తన్నారు. ఆమె అరవలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఒక్క అరుపు కూడా అరవలేదు. ఇక ముందువైపు ఏం చేశారో తెలుసా? ట్యాంకరు నీళ్లు పట్టుకున్న బిందెలు తెచ్చి, ఆమె కూర్చున్న చోట గుమ్మరించి కడిగారు! గొంతు తడుపుకోవడానికి నీళ్లు లేని ఊళ్లో, మట్టి నేలను!

నా నోరు ఊరుకుంటుందా. "థూ! నీ కిరీటం మండా! ఇప్పుడు పాడిన పద్యమేంది, నువ్వు చేసిన పనేంది?" అని అరిచాను.

అతను చేతులు దులుపుకుంటూ వచ్చి, "నువ్వు ఏసం కట్టేదానికొచ్చినావు. కట్టి పో. ఊరి సంగతి నీకెందుకు?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు మాస్టరు హార్మోనియం తిత్తి మూసి గొళ్లెం పెట్టాడు. ఆ చిన్న చప్పుడు మైకులో ఊరంతా వినిపించింది.

పెద్దాయన కంగారుగా స్టేజీ ఎక్కాడు. "మాస్టరూ, మంగళం పాడకుండా లేచేది ఊరికి అరిష్టం."

"అరిష్టం నేను చేసినానా పెద్దాయనా?" అన్నాడు మాస్టరు. "ఆ తాడు తీసేసిన పొద్దు కబురు పెట్టండి. వచ్చి మంగళం వాయిస్తా. అందాక ఈ ఊళ్లో నా పెట్టె తెరిచేది లేదు."

ముఖాన రంగుతోనే బస్సెక్కాను. కిటికీ పక్కన ఒక రాణి కూర్చుని ఉంటే దారి పొడుగునా జనం ఎక్కి చూసి నవ్వారు. గుంతకల్లులో దిగి ఇంటికి నడుస్తుంటే పిల్లలు వెంటపడ్డారు. మంగళం పాడని రంగును ఎన్నాళ్లు ఉంచుకుంటాం? కొబ్బరినూనె పెట్టి తుడిచేశాను. తుడుస్తున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను, కోపంతో.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం స్టేషను ఎదురుగా ఉన్న టీ అంగట్లో నాటకాలవాళ్లందరం కూడాం. మా గూడ్సు గార్డు ఒకాయన అప్పుడప్పుడు మంత్రి వేషం కట్టేవాడు. యూనియను మనిషి, పేపరు అక్షరం వదలకుండా చదివేవాడు. ఆయనే మొదలుపెట్టాడు. "దక్షిణాఫ్రికాలో తెల్లోళ్లు నల్లోళ్లను వేరే కూర్చోబెడతాంటే, బయట దేశాల పాటగాళ్లు మేం ఆడికొచ్చి పాడేది లేదు పొమ్మన్నారంట. నాటకాలు రాసేటోళ్లు మా నాటకం ఆడ ఆడొద్దన్నారంట. క్రికెట్టు ఆటగాళ్లు కూడా పోలేదు. శానా ఏండ్లు అట్లే పట్టుపట్టినారు."

"వాళ్ల ఇండ్లల్లో బియ్యముంటాయిలేన్నా" అన్నాడు మా తబలా మనిషి.

నేను అడిగాను. "అది సరే, ఆ నల్లోళ్లను అడిగే చేసినారా ఇది? వాళ్లకు మాత్రం పాట వినాలని ఉండదా?"

"వాళ్లే కబురు పెట్టినారంట పాపా, మీరు రావద్దని. మాకు కష్టమైనా సరే, మీరు మాత్రం వచ్చి పాడొద్దు అని."

ఆ మాట విని అందరం ఆహా అనుకున్నాం. మన కాలనీవాళ్లు మనకే కబురూ పెట్టలేదన్న సంగతి ఆ టీ అంగట్లో ఒక్కరికీ తోచలేదు. మాస్టరు అసలే మాటల మనిషి కాదు. "పెట్టె పట్టినోళ్లు ఎవరూ ఆ ఊరికి పోవద్దు" అన్నాడు, అంతే. తబలా మనిషి, "తాడు లేని ఊరు యాడుండాది మాస్టరూ? అన్ని ఊర్లూ మానుకుంటే మనం మన్ను తినల్ల" అన్నాడు. అదీ నిజమే. అందుకని ముందు ఆ ఒక్క ఊరే అనుకున్నాం. గుత్తి నాటకాలవాళ్లూ సరేనన్నారు. నాకు ఒంట్లో ఏదో కొత్త బలం వచ్చినట్టుంది ఆ రోజు. వేషం కట్టేదానివి కట్టి పో అన్నాడు కదా, ఇప్పుడు కట్టకుండా చూపిస్తాను రా అనుకున్నాను.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన శెనక్కాయ మొలిచిన చోటనే మాడింది. తరువాతి ఏడు మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చినుకు లేదు. మా వైపు వానల కోసం నాటకం ఆడించడం ఎప్పటి నుంచో ఉంది. ఆ ఊళ్లో మాత్రం కొత్త నాటకం ఆడించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పాతది మూయకుండా కొత్తది తెరవకూడదట. మంగళం లేకుండా లేచిపోయిన ఆటే వానను కట్టేసిందని ఊరంతా నిశ్చయించుకుంది. ఎవరు సగంలో వదిలారో వాళ్లే వచ్చి ముగించాలి, ఇంకొకరు పాడితే చెల్లదు. పెద్దాయన మనుషులు గుంతకల్లుకు వచ్చి మాస్టరు ఇంటి ముందు కూర్చున్నారు.

"తాడు తీసేస్తారా?" అన్నాడు మాస్టరు.

"తాడు సంగతి తర్వాత మాట్లాడదాం మాస్టరూ. ముందర మంగళం పాడండి."

"తాడు సంగతి ముందర."

వాళ్లు లేచి దులుపుకొని పోయారు. మేం గెలుస్తున్నామనుకున్నాం. నేనైతే ఆ రోజు మాస్టరు కోడలికి చెప్పి పాయసం కూడా కాయించాను.

శ్రావణంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. మొదట గుర్తుపట్టలేదు. సగానికి సగం తగ్గిపోయింది. రవికె భుజాల మీద నిలవడం లేదు. గడప బయటే కూలబడింది. "లోపలికి రామ్మే, నా గడపకు కూడా తాడు కడతావా ఏంది?" అని గదిమి చేయి పట్టి లోపలికి లాక్కొచ్చాను. చెంబెడు నీళ్లిస్తే ఒక్క గుక్కలో తాగి ఇంకో చెంబు అడిగింది.

తాగి చెప్పింది. ఆ ఊళ్లో కాలనీవాళ్లను కూలికి పిలవడం మానేశారు. చేలగట్ల మీద మేకలు మేపనివ్వడం లేదు. ట్యాంకరు వస్తే ఊరివాళ్లందరూ పట్టుకున్నాక మిగిలితేనే కాలనీకి. మిగలదు. దీనికంతటికీ ఈమే కారణమని ఊరూ అంటోంది, కాలనీ కూడా అంటోంది. మొగుడు కూడా మాట్లాడడం మానేశాడు.

"నిన్నెవరు పంపినారు మే?" అన్నాను.

"ఎవురు పంపితే ఏమిలే అక్కా. వచ్చి మంగళం పాడి పోండి. తాడు ఉంటే ఉండనీ. ఆ తాడుతో పుట్టినప్పట్నుంచీ బతికినా. నీళ్లు లేకుండా బతకలేకుండాం."

నాకు కోపం తన్నుకొచ్చింది, ఎవరి మీదో తెలియదు. "నీ కోసమే కదా మే మేం మానుకున్నది! తిండికి తిప్పలు పడతాండాం మేం కూడా!"

"నా కోసమని నాకెవురు చెప్పినారక్కా?" అంది, గొంతు పెంచకుండానే. "మీరు మానుకుంటిరి. మంచిదే. పెట్టె మూసి బస్సెక్కి వస్తిరి. మేం ఏ బస్సెక్కల్ల? మమ్మల్ని ఒక్క మాట అడిగింటే ఏమైతాండె?"

టీ అంగట్లో గార్డు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. వాళ్లే కబురు పెట్టినారంట.

ఆమెను వెంటబెట్టుకొని మాస్టరు ఇంటికి పోయాను. ఆయనకు అప్పటికే ఉబ్బసం. మంచంలో దిండ్లకు ఆనుకొని అంతా విన్నాడు. నేను వాదించాను. ఇప్పుడు లొంగితే ఇక ఆ తాడు ఎప్పటికీ ఊడదని, ఈమెను ముందుకు తోసి ఊరు మనతో ఆడుకుంటోందని. ఆయన చాలాసేపు దగ్గి, అన్నాడు.

"పాపా, దెబ్బలు తిన్నామె అడుగుతాండాది. కాదనేదానికి మనమెవరు? పోదాం. కాకపోతే పెట్టె నాది. యాడ పెట్టి వాయించల్లనో నేను చెప్తా."

నాటకమంతా అక్కర్లేదు, ఆగిన చోటు నుంచి ఆడి ముగిస్తే చాలని ఊరు ఒప్పుకుంది. ఆగింది తెల్లవారుజామున కాబట్టి మళ్లీ తెల్లవారుజామునే స్టేజీ. మళ్లీ కాలనీ మగవాళ్లే గుంతలు తవ్వారు, బొంగులు పాతారు, తాడు కట్టారు. ఆమె వచ్చి నా జడ అల్లింది. ముందువైపు ఊరంతా ఆకాశం వంక చూస్తూ కూర్చుంది. అదే రాజు, అదే కిరీటం. ఆగిపోయిన పద్యాన్ని ఆగిన అక్షరం దగ్గరే ఎత్తుకున్నాడు, ఏమీ జరగనట్టు.

మంగళం వేళయింది. హారతి పళ్లెంలో కర్పూరం వెలిగించి నా చేతికిచ్చారు. అప్పుడు మాస్టరు లేచి, హార్మోనియం గుండెకానించుకొని, ఆయాసపడుతూ వెనక మెట్లు దిగాడు. తాడుకు అవతల, కాలనీవాళ్ల మధ్యలో నేలమీద కూర్చుని పెట్టె తెరిచాడు. నాకు ముందుగా చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. పళ్లెం పట్టుకొని నేనూ దిగాను. వెనక పరదా పైకి లాగమన్నాను. ఆ కాలనీ జనానికి ఎదురుగా నిలబడి, ఊరికి నా వీపు చూపించి మంగళం ఎత్తుకున్నాను.

ముందువైపు గోల లేచింది. "ఏమప్పా ఇది! ఏం ఆటలు!" అని ఎవరో అరిచారు. కానీ హారతి వెలిగాక, మంగళం మొదలయ్యాక ఎవరు ఆపుతారు? అసలే ఒకసారి ఆగి ఇంత చేటు తెచ్చిందని కదా వాళ్ల భయం. పెద్దాయనే చేయెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. హారతికి వీపు పెట్టి నిలబడకూడదు కాబట్టి కిరీటం పెట్టుకున్న రాజు కూడా అటు తిరిగి, ఊరికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఊరంతా చేతులు జోడించి మా వీపులు చూసింది. అబద్ధమెందుకు, నాకు ఆ క్షణం ఒళ్లంతా పులకరించింది.

ఆమె అందరికంటే ముందు కూర్చుని నా ముఖం వంకే చూస్తోంది. రెప్ప వేయలేదు. నేను పాడుతూ ఏడుస్తున్నాను.

మంగళం అయ్యాక కాలనీవాళ్లు ఒక్కొక్కరే లేచి హారతి కళ్లకద్దుకున్నారు. పళ్లెం తీసుకొని ముందువైపుకు వచ్చాను. పెద్దాయన ముందు పట్టుకున్నాను. ఆయన మంట వంక చూశాడు, అవతల నిలబడ్డ జనం వంక చూశాడు, చేతులు కట్టుకున్నాడు. ఆయన పక్కవాడూ అంతే. ఒక్క చేయీ ముందుకు రాలేదు. నేను వరుస వెంట నడుస్తూనే ఉన్నాను. కర్పూరం అయిపోయి మసి మిగిలింది.

వెనక్కి వస్తే ఆమె నన్ను చూసి మూతి విరిచింది. "ఇంతేనా అక్కా? పాడేటప్పుడు నీ మూతి ఒకపక్కకు వంకర పోతాది. దీన్ని చూసేదానికేనా నేను తన్నులు తినింది!" అని నవ్వింది. కొంగు నోటికడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. మాస్టరు కూడా దగ్గు మధ్యలో నవ్వాడు.

ఆ నవ్వే మిగిలింది. వాన రాలేదు. శ్రావణం, భాద్రపదం ఎండిపోయాయి. చేలల్లోని ఒకటి రెండు పాత బావుల్లో మిగిలిన నీళ్లు కట్టి తడిపిన చోట మాత్రం శెనక్కాయ కాసింది. ఆ చెట్లు పెరికి చేలో ఎండేసిన రోజుల్లో, అప్పుడు వచ్చింది వాన. మూడు రోజులు విడవకుండా కురిసింది. కాయలు చేలోనే మొలకలెత్తాయి, మేతకు దాచే శెనక్కాయ కట్టె కుళ్లి కంపు కొట్టింది, పశువులు కూడా ముట్టలేదు. వెనకపక్క మంగళం పాడితే వాన వెనకే వస్తాది అని ఊరు తీర్మానం చేసింది. అంతకుముందు పోనీలే అన్నవాళ్లు కూడా ఈసారి కాలనీ మీద పగబట్టారు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. మా పంతం నెగ్గిందని, ఈ సంగతి పది ఊళ్లకు తెలియాలని చెప్పుకు తిరుగుతున్నాను. చలి మొదలయ్యేసరికి మాస్టరు పోయాడు. ఆ బాధలో ఉన్నాను.

సంక్రాంతికి ముందే అనుకుంటాను, ఒక పొద్దున చెల్లెలిని రైలెక్కించడానికి స్టేషనుకు పోయాను. బెంగుళూరు బండి కోసం ప్లాట్‌ఫారం నిండా జనం. మూటలు, బొచ్చెలు, పారలు, చంకల్లో పిల్లలు. మా జిల్లాలో ఆ ఏళ్లలో ఇది రోజూ ఉన్నదే. వాళ్లను దాటుకొని పోతుంటే, "అక్కా!" అని వినిపించింది.

ఆమె. పక్కన మొగుడు, ఇద్దరు పిల్లలు, ఒక దుప్పటి మూట. ఆ దుప్పటి నేను గుర్తుపట్టాను, నేను చీర మార్చుకునేటప్పుడు అడ్డం పట్టేది. మొగుడు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. కాలనీలో చాలామటుకు బయలుదేరినట్టుంది, తెలిసిన ముఖాలు ఇంకా కనిపించాయి. ఒక్కరూ పలకరించలేదు.

"ఎక్కడికి మే?"

"బెంగుళూరికి. ఆడ బిల్డింగులు కడతాండారంట. గుంతలు తవ్వేదానికి మనుషులు కావల్లంట. గుంతలు తవ్వేది మాకు రాదా?"

"ఇల్లు?"

"కప్పు కూలిపోయినాది వానకు. మళ్లా కప్పుకుందామంటే గట్ల మీద బోదగడ్డి కోసుకోనియ్యలేదు." అని, అంతటితో ఆ మాట ముగించేసి నన్ను ఎగాదిగా చూసింది. "ఏంటిదక్కా నీ తల! కాకులు పొడిచినట్టుండాది. కూచో."

నిజమే, మాస్టరు పోయినప్పటి నుంచి తల సరిగ్గా దువ్వుకోవడం లేదు. ఆమె మూట మీద నన్ను కూర్చోబెట్టి, వెనక నిలబడి నా ముడి విప్పింది. సవరం లేకపోతే నా జుట్టు పిడికెడే. "ఓయమ్మా, రాణి జడ ఇంతేనా!" అని నవ్వి, వేళ్లతోనే చిక్కు తీసి అల్లడం మొదలుపెట్టింది. ఆ వేళ్లు గరుకుగా, చల్లగా ఉన్నాయి. నేను ఏదో చెప్పాలనుకున్నాను. మా వల్ల మీకు ఇట్లా అయిందే అనో, ఏదో. అంతలో ఆమే వెనక నుంచి మాట్లాడింది.

"అక్కా, మళ్లా యాడన్నా తాడు చూసి మీరు మానుకుంటే, మానుకోండి. వద్దనను. మాకు ముందర చెప్పి మానుకోండి. మేం గింజలో, నీళ్లో దాపెట్టుకుంటాం. గుంతలు తవ్వేది మేం కూడా మీతో పాటే మానుకుంటాం."

ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉందో నేను చూడలేదు. తిరగబోతే, "కదలొద్దు, జడ వంకర పోతాది" అని నా తల పట్టి ముందుకు తిప్పింది.

బండి వచ్చేసింది. జనం ఒక్కసారిగా లేచారు. మొగుడు కేక వేశాడు. నా కింద ఉన్న మూటను ఎవరో గుంజారు, నేను లేచి నిలబడేసరికి ఆమె పిల్లను చంకనేసుకొని జనరలు పెట్టె వాకిట్లో ఇరుక్కుపోయింది. వాకిలి నిండా వీపులు. వాటిలో ఆమెది ఏదో తెలియలేదు. పిలిచాను. పేరు పెట్టి గట్టిగా పిలిచాను. ఎవరూ ఇటు తిరగలేదు.

బండి పోయాక చేయి వెనక్కి పెట్టి చూసుకున్నాను. జడ సగం వరకే అల్లి ఉంది. రిబ్బను లేదు, ముడి లేదు, కింద నుంచి విడిపోతూ ఉంది. దాన్ని అట్లాగే చేత్తో పట్టుకొని ఇంటి దాకా నడిచాను.